లోకవాదము - వస్తునిర్ణయము : పో రచించిన ‘మారీ రోజే’ కథ

ఎడ్గార్ ఎలన్ పో (1809-1849) రచించిన అపరాధపరిశోధక కథలు మూడింటిలో నడిమిదైన ‘మారీ రోజే మర్మము’ను మెచ్చినవారు తక్కువ. 1841లో వెలువడిన ‘రూ మోర్గ్ హత్యలు’ భయానకముచేతను, పిమ్మటి ‘అపహృతలేఖ’ యుక్తిచమత్కారముచేతను పాఠకులను ఆకర్షించినవి. ఈ నడిమికథలో జరుగునది చాల తక్కువ. ఒక యువతి ఇల్లు వెడలి కనబడకపోవుట, నాల్గవనాడు నదిలో శవము తేలుట, ఊరివారందరు దానినిగూర్చి తర్కించుకొనుట, అంతట డ్యూపిన్ అను మేధావి తన గదిలో కూర్చుండి ఆ తర్కములను తర్కించుట - ఇంతే. దోషి పట్టుబడడు, అతని పేరైనను తెలియదు. కొమ్మూరి సాంబశివరావు నవలలలో డిటెక్టివు యుగంధరు వెంట పరుగెత్తుటకు అలవాటుపడిన పాఠకుడు దీనిని సగములో మూసివేసినచో తప్పుపట్టలేము.

ఐనను ఈ రచనను వేరొక దృష్టితో చదువవచ్చునని మేము తలచుచున్నాము. ఇది కథారూపమున నున్న విమర్శ. ఇందలి వస్తువు హత్య కాదు. హత్యనుగూర్చి లోకము పలికిన మాటలు. తప్పిపోయిన మనిషినిగూర్చి పదిమంది పదివిధముల చెప్పునప్పుడు ఏ మాటకు ఎంత విలువ ఈయవలెను, ఏ మాట ఎక్కడ పుట్టినది, చూచి చెప్పినవాడెవడు, విని చెప్పినవాడెవడు అను ప్రశ్నలే ఇందు మొదటినుండి తుదివరకు నడచినవి. తాళపత్రములను, పీఠికలను, చాటువులను సాక్షులుగ నిలిపి కవుల కాలమును నిర్ణయించుచున్న మనకు ఈ ప్రశ్నలు పరాయివి కావు. మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. పరమతఖండనమున డ్యూపిన్ సాధించిన విజయము నిజమైనది. స్వమతస్థాపనమున అతనికి విజయము లేదు. ఉన్నదని పో చాటుకొనుట మాత్రమే కలదు. ఈ రెండింటికి నడుమనున్న ఎడమును పో తరువాతి కూర్పులో పూడ్చబోయిన తీరు ఈ కథాచరిత్రలో మిక్కిలి బోధకమైన భాగము.

కథకు ఆధారమైన వృత్తాంతము న్యూయార్కు నగరమున జరిగినది. మేరీ సిసీలియా రోజర్స్ అను యువతి బ్రాడ్వేలో జాన్ ఆండర్సన్ అను వర్తకుని పొగాకు దుకాణమున చుట్టలు అమ్ముచుండెను. ఆమె సౌందర్యము ఊరంతట ప్రసిద్ధము. దుకాణమునకు వచ్చువారిలో పత్రికలవారు పలువురు. 1838 అక్టోబరులో ఆమె ఒకమారు కనబడకపోగా, ఆత్మహత్యకు సిద్ధపడి జాబు వ్రాసి పోయినదని పత్రికలో పడెను. కొలదికాలములోనే ఆమె తిరిగివచ్చెను. అది అంతయు వట్టి ప్రచారమని కొందరు నవ్విరి. పిమ్మట ఆమె దుకాణము మాని, నాసౌ వీధిలో తల్లితో కలిసి బసగృహము నడపుచుండెను. 1841 జూలై 25, ఆదివారమునాటి ఉదయము, చుట్టమైన ఒక పెద్దావిడ ఇంటికి పోవుచున్నానని, తన్ను పెండ్లియాడనున్న డేనియల్ పేన్‌తో చెప్పి ఆమె వెడలెను. అతడు సీసా బిరడాలు కోయు పనివాడు, ఆ బసలోనే ఉన్నవాడు. సాయంకాలము గాలివాన రాగా అతడు ఆమెను తోడితెచ్చుటకు పోలేదు. ఆమె మరల ఇల్లు చేరలేదు. 28వ తేదీన హడ్సన్ నది ఆవలియొడ్డున, న్యూజెర్సీ రాష్ట్రమునకు చెందిన హోబోకెన్ దగ్గర నీట శవము కనబడెను. ఆ బసలో లోగడ ఉండిన క్రోమెలిన్ అనునతడు అది ఆమెయే యని గుర్తుపట్టెను.

ఆనాటి న్యూయార్కున నేటి అర్థమున పోలీసుశాఖ లేదు. పగలు కొందరు కాన్‌స్టేబుళ్ళు, రాత్రి కావలివారు. రుసుములు, బహుమానములు వచ్చుచోటనే కాన్‌స్టేబుళ్ళ శ్రద్ధ. ఇల్లు ఒక రాష్ట్రమున, శవము వేరొక రాష్ట్రమున ఉండుటచే విచారణ ఎవరిదను సందిగ్ధము. 1845లోగాని ఆ నగరమున క్రమమైన పోలీసుదళము ఏర్పడలేదు. ఈ శూన్యమును పత్రికలు నింపినవి. 1833లో ‘సన్’, 1835లో ‘హెరాల్డ్’ పుట్టి, కూలివాడైనను కొనగల వెలకు వార్తలను వీధిలో అమ్ముచుండెను. ఆగస్టులో పౌరులు సభచేసి చందాలు వేసికొని బహుమానము ప్రకటించిరి. గవర్నరు సీవర్డ్ తన పక్షమున 750 డాలర్లు ప్రకటించెను. నేరపరిశోధనము ఇట్లు ఊరుమ్మడి వ్యవహారమాయెను. శవము ఆమెది కాదు, ఆమె ఎక్కడనో బ్రతికియున్నదని ఒక పత్రిక. రౌడీమూక చేసిన పని యని ఒకటి. శవమును గుర్తించినవాని అత్యుత్సాహమే అనుమానాస్పదమని ఒకటి. ఇంతలో నది ఆవల వీహాకెన్ దగ్గర పూటకూటిల్లు నడపుచున్న ఫ్రెడరికా లాస్ అను నామె పిల్లలు, సమీపమున ఒక పొదలో స్త్రీవస్త్రములు, గొడుగు, చేరుమాలు దొరికినవనిరి. చల్లారుచున్న వాదము మరల రాజుకొనెను. అక్టోబరులో పేన్ హోబోకెన్‌కు పోయి, శవము దొరికిన తావునకు దగ్గరలోనే నల్లమందు ద్రావకము సేవించి మరణించెను. ఇది పశ్చాత్తాపమని కొందరు, దుఃఖమని కొందరు అనిరి.

పో అప్పుడు ఫిలడెల్ఫియాలో నుండెను. అతడు స్థలమును చూడలేదు, సాక్షులను విచారింపలేదు; అతనికి దొరికినవి పత్రికలు. 1842 జూన్‌లో అతడు సంపాదకులకు జాబులు వ్రాయుచు, తన కథ వట్టి కల్పన కాదనియు, రౌడీమూక వాదమును పటాపంచలు చేసి అసలు హంతకుని సూచించినాననియు చెప్పుకొనెను. కథ ‘లేడీస్ కంపానియన్’ పత్రికలో 1842 నవంబరు, డిసెంబరు, 1843 ఫిబ్రవరి సంచికలలో మూడు భాగములుగ వెలువడెను. న్యూయార్కు పారిసు ఆయెను. హడ్సన్ సేన్ నది ఆయెను. చుట్టల దుకాణము పరిమళద్రవ్యముల దుకాణమాయెను. మేరీ రోజర్స్ మారీ రోజే ఆయెను. పత్రికలకును ఫ్రెంచి పేర్లు పెట్టెను. ‘బ్రదర్ జోనథన్’ ‘లెత్వాల్’ అనియు, ‘జర్నల్ ఆఫ్ కామర్స్’ ‘ల కొమెర్సియెల్’ అనియు మారినవి. 1845లో కథలు గ్రంథముగ వచ్చినప్పుడు పో అడుగుజ్ఞాపికలు చేర్చి ఈ ముసుగును తానే తొలగించెను.

నగర పోలీసు అధికారి డ్యూపిన్ ఇంటికి వచ్చి గంటలకొలది తన సిద్ధాంతములు వినిపించుచుండ, డ్యూపిన్ ఆకుపచ్చ అద్దముల కళ్ళజోడు వెనుక హాయిగ నిద్రపోవును. ఇది పో హాస్యములలో మంచిది. అనంతరము కథకుడు సాక్ష్యములను, డ్యూపిన్ వారముదినములు పత్రికల కట్టలను పరిశీలింతురు. ఇక అక్కడినుండి కథ యనదగినది లేదు, భాష్యమే.

‘లెత్వాల్’ వాదమును డ్యూపిన్ మొదట పట్టుకొనెను. నీట వేసిన శవము తేలుటకు ఆరునుండి పది దినములు పట్టునట. ఆదివారమునాడు పోయిన మనిషి బుధవారమునకు తేలజాలదట. కావున శవము మారీది కాదట. డ్యూపిన్ మనిషి దేహమునకును నీటికిని గల సాంద్రతాసామ్యమును వివరించి, శవము ఎప్పుడు మునుగునో ఎప్పుడు తేలునో నియమము లేదని చూపును. ఇందలి శాస్త్రము కొంత ఆ కాలపు శాస్త్రము. దానికన్న మాకు ముఖ్యమైనది గుర్తింపును గూర్చిన భాగము. శవమును గుర్తించినవాడు చేతిమీది రోమములను చూచి చెప్పినాడని పత్రిక ఎగతాళి చేసినది: రోమములు లేని చేయి ఎవరిది? మేజోళ్ళకు కట్టు పట్టీ, పాదరక్షలు, టోపీపై పువ్వులు - ఇవి మూటలుగ అమ్ముడుపోవు సరకులు, వీనివలన ఏమి తేలును? డ్యూపిన్ సమాధానమిది. ఒక్కొక్క గుర్తు విడిగ నిర్బలమే కావచ్చును. కాని ఒకే దేహమున అవి అన్నియు కూడినప్పుడు, రెండవ గుర్తు మొదటిదానికి కలిపినట్లు కాదు, హెచ్చవేసినట్లగును. ఆపైన ఆ పట్టీ కొక్కెము బిగుతుకొరకు వెనుకకు జరుపబడియున్నది. మారీ తన పట్టీకి అట్లే చేసికొనియుండెను. సాగుడుగల పట్టీకి అట్టి సవరణ అవసరమగుట అరుదు. కావున ఇది సామాన్యధర్మము కాదు, విశేషలక్షణము.

ఈ ఘట్టము గ్రంథపరిష్కర్తలు రెండుమారులు చదువదగినది. రెండు ప్రతులకు ఒకే మాతృక కలదని మనము నిరూపించునప్పుడు చేయునది ఇదియే. రెండింటను ఒప్పుపాఠములు కలియుట గుర్తు కాదు. ఒకే చోట ఒకే వింతతప్పు కలియుట గుర్తు. అట్టివి పది కూడినచో సంశయము నిలువదు. సామాన్యసామ్యమును విశేషసామ్యముగ భ్రమించుటయు, విశేషసామ్యములను విడివిడిగ తీసి ఒక్కొక్కదానిని పరిహసించుటయు ఒకే దోషమునకు రెండు ముఖములు. రెండవది ఎక్కువ అపాయకరము, ఏలన అది హేతువాదమువలె కనబడును.

‘ల కొమెర్సియెల్’ వాదము వేరు. వేలమందికి తెలిసిన ముఖముగల యువతి మూడు వీధులైనను దాటకముందే ఎవరో ఒకరు చూచియుండవలెనట. ఎవరును చూడలేదు గనుక ఆమె ఇల్లు వెడలిన వెంటనే చిక్కుకొన్నదట. డ్యూపిన్ ఈ మాట వ్రాసినవాని నడకను వర్ణించును. అతడు ఊరిలో పెద్దమనిషి. కచ్చేరులు, కార్యాలయములు గల నాలుగు వీధులలోనే తిరుగును. అక్కడ తన్ను ఎరిగినవారు, తా నెరిగినవారు అడుగడుగున ఎదురగుదురు. తన అనుభవమును ఆ పిల్లకు అంటగట్టినాడు. ఆమె పోవు దారులు వేరు, ఆ దారులలోని జనము వేరు. ఖండనములలో దీనిని మేము ఉత్తమమని ఎంచుచున్నాము. వాదములోని తప్పును చూపుటతో డ్యూపిన్ ఆగలేదు; ఆ తప్పు ఎట్టి బ్రతుకునుండి పుట్టినదో చూపినాడు. ప్రాచీనకవి తన దినచర్యను మన కళాశాలల దినచర్యవలె గడపెనని ఊహించి కాలనిర్ణయము చేసినవారిని మనము చూచియే యున్నాము.

మూడవ పత్రికనుగూర్చి డ్యూపిన్ ఎక్కువ చెప్పలేదు. అది చిలుకగ పుట్టవలసినదట. ఇతరులు అన్న మాటలనే పోగుచేసి పలికినది. పొదలోని వస్త్రములు మూడునాలుగు వారములుగ అక్కడనే యున్నవి, బూజు పట్టినది, గడ్డి మొలచినది అని అది నిశ్చయముగ వ్రాసెను. తడినేలపై వేసవిలో గడ్డి ఎంత త్వరగ పెరుగునో, బూజు ఒక దినములో పుట్టి నశించునో డ్యూపిన్ గుర్తుచేయును. నగరమునకు అంత దగ్గర, సెలవుదినమున జనము విరగబడు ఆ తోపులలో, వస్తువులు వారమైనను ఎవరి కంటను పడకుండునా? మీది రాతిపై తెల్లని లోపావడ, రెండవ రాతిపై పట్టుగుడ్డ, చుట్టును గొడుగు, చేతితొడుగులు, చేరుమాలు - ఎవరో అమర్చినట్లున్నవే గాని పెనుగులాటలో పడినట్లు లేవు.

పత్రిక పత్రికను ఆధారముగ చూపుచు, తుదకు మొదటి సాక్షి ఎవడో తెలియకుండపోవుట న్యూయార్కునకే చెందిన వింత కాదు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవము’ను ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడన్నపుడు మన సాహిత్యలోకమున రేగిన వాదమును విద్యార్థులు తిరుగవేసి చూడవలెను. అందు మూలమును పరీక్షించి వ్రాసిన వ్యాసములు కొన్ని. వ్యాసములను చదివి వ్రాసిన వ్యాసములు పెక్కు. ఒకరి ‘కావచ్చును’ రెండవవారి చేతిలో ‘అని తెలియుచున్నది’ ఆయెను. మూడవవారి చేతిలో ‘అని సర్వజనవిదితము’ ఆయెను. ఇది ఎవరినో నిందించుటకు చెప్పుట లేదు. మా పాతవ్యాసములలోను ఇట్టివి కలవు.

గౌతముని న్యాయశాస్త్రమున కథ మూడువిధములు: తత్త్వనిర్ణయమునకు వాదము, గెలుపుకొరకు జల్పము, తన పక్షమును స్థాపింపక ఎదుటిపక్షమును ఖండించుట మాత్రమే చేయు వితండ. ‘వితండవాదము’ అను మాట నేడు తిట్టుగ మారినదిగాని శాస్త్రమున అది ఒక స్పష్టమైన స్థితి. మేరీ రోజర్స్‌ను గూర్చి పత్రికలు చేసినది జల్పము. వాటి లక్ష్యము సత్యము కాదు, సంచలనము అని డ్యూపిన్ తానే అనును. ఈ జల్పమునకు అతడిచ్చిన సమాధానము ఉత్తమమైన వితండ. అక్కడనే అతడు నిలిచియుండినచో ఈ రచనకు లోపము పట్టుట కష్టమయ్యెడిది. కాని అతనికి సిద్ధాంతము కావలెను. అంతకన్న పోకు కావలెను.

సిద్ధాంతమునకు పోవుటకుముందు డ్యూపిన్ చెప్పిన ఒక సూత్రమును విడువరాదు. విచారణలు సంఘటన చుట్టును గిరిగీసికొని దానిలోనే వెదకును. కాని సత్యములో పెద్దపాలు గిరివెలుపల, అప్రస్తుతమని తోచినవానిలో నుండును. ఈ సూత్రమునకు మన వాఙ్మయమున ఉదాహరణము కలదు. విరాటపర్వమున దుర్యోధనుని చారులు దేశములన్నియు తిరిగివచ్చి, పాండవులు ఎక్కడను లేరందురు. ఆ మాట చెప్పిన నోటితోనే, మత్స్యదేశమున కీచకుడు రాత్రివేళ గంధర్వులచేత చచ్చెనని ఒక శుభవార్తగ విన్నవింతురు. అడిగినదానికి జవాబు లేదు. అడుగని వార్తలోనే జవాబంతయు నున్నది. తరువాత సభలో జరుగు చర్చ, తప్పిపోయినవారినిగూర్చి లోకము చేయు చర్చలకెల్ల మాతృకవంటిది. ఇంకను నేర్పరులైన చారులను పంపుమని కర్ణుడు. నశించియుందురేమో యని దుశ్శాసనుడు. అట్టివారు నశింపరని ద్రోణుడు. భీష్ముని మార్గము వేరు. ధర్మరాజు నివసించు దేశమెట్లుండునో అతడు చెప్పును: అక్కడ జనులు సత్యవాదులై యుందురు, వానలు సకాలమున కురియును. కనబడని మనిషి స్వభావమునుండి అతడున్న తావును ఊహించుట ఇది.

తిక్కనను చదివిన కన్నులతో పో కథకు మరలినచో మనకు కొట్టవచ్చినట్లు కనబడునది ఒకటి కలదు. ఇన్ని పత్రికలలో ఇన్ని మాటలు. వానిలో ఆ పిల్ల స్వభావమునుగూర్చి ఒకటియు లేదు. శవము ఎన్నిదినములకు తేలును, గడ్డి ఎంత పెరుగును, ముడి నావికుల ముడియా కాదా - వీనినిగూర్చి పుటలు. ఆమె ఎట్టిది, ఏమి కోరెను, దేనికి భయపడెను అనుటకు పంక్తి లేదు. సుందరి యను ఒక్క విశేషణముతో ఆమె పని ముగిసినది. ఆమె ఇల్లు వెడలిన ఆదివారమునాడు తప్పిపోయినది ఒకమారు. ఈ చర్చలో తప్పిపోయినది రెండవమారు.

డ్యూపిన్ ఒక్కచోట ఆమెకు గొంతు ఇచ్చును. ఆ ఉదయమున ఆమె ఇట్లు తలచియుండును అని, ఆమె మాటగనే, ఉత్తమపురుషలో చెప్పును. తాను ఒకనిని కలిసికొని వానితో వెడలిపోవలసియున్నది. ఎవరును వెన్నాడకుండ వ్యవధి కావలెను. కావున పగలంతయు చుట్టమింట నుందునని చెప్పి, చీకటిపడువరకు తనకొరకు రావలదని కాబోవు భర్తను వారించును. అప్పుడు రాత్రివరకు ఎవరికిని అనుమానము కలుగదు. తర్కగ్రంథమువంటి ఈ కథలో మనిషి ఊపిరి వినబడు స్థలము ఇది యొక్కటే. భీష్ముని మార్గమునకు డ్యూపిన్ దగ్గరగ వచ్చినదియు ఇక్కడనే. కాని భీష్ముడు ధర్మరాజును ఎరిగినవాడు. డ్యూపిన్ మారీని ఎరుగడు. ఈ స్వగతము ఆమెది కాదు, అతనిది. ఈ వాక్యములకు తరువాత పట్టిన గతిని ముందు చెప్పుదుము.

సిద్ధాంతమునకు వత్తము. శవము మెడకును నడుమునకును చుట్టిన గుడ్డపేలికలను ఈడ్చుటకు పట్టుగ వాడినారు. మూకయే యైనచో మోసికొనిపోదురు, పట్టుతో పనిలేదు. కావున దోషి ఒంటరివాడు. ఈ యూహ బలమైనదే. కాని దీనికి తోడుగ డ్యూపిన్ పొదలోని పెనుగులాట గుర్తులను తెచ్చును. ఆ పొదలో వస్తువులు ఎవరో అమర్చినవని క్రితమే సంశయించినవాడు, అదే పొదను ఇప్పుడు సాక్ష్యమునకు పిలుచుచున్నాడు. ఎదుటివాని పక్షమున కూలద్రోసిన స్తంభమునే తన యింటికి దూలముగ వేసికొన్నట్లున్నది. తరువాత మొదటిమారు కనబడకపోయినప్పటి నావికాదళాధికారిని తెచ్చి, రెండవమారును అతడే యనును. ఆపైన, నదిలో కొట్టుకొనిపోవుచు దొరికి, మరునాడు అధికారులకు తెలియకుండ ఎవరో తీసికొనిపోయిన పడవ. దాని చుక్కాని మాత్రము కార్యాలయముననే మిగిలినది. ఈ పడవను వెన్నాడినచో హంతకుడు దొరకునని డ్యూపిన్ ముగించును. అక్కడ కుండలీకరణములలో సంపాదకుని పేర ఒక వాక్యము వచ్చును: కొన్ని కారణములచే మిగిలిన భాగమును విడిచినాము, అనుకొన్న ఫలము లభించినది అని. ఎవడు, ఎట్లు అనునది లేదు. పరీక్షలో లెక్క సగమువరకు చేసి, చివర జవాబు మాత్రము ఉపాధ్యాయునకు తెలియునని వ్రాసిన విద్యార్థికి మనము ఎన్ని మార్కులు వేయుదుము?

ఇంతలో లోకము వేరొక మాట పలికెను. 1842 నవంబరులో, కథ మొదటిభాగము వెలువడిన కాలముననే, పూటకూటింటి ఫ్రెడరికా లాస్ తన కుమారుని చేతిలోని తుపాకి పొరపాటున పేలగా గాయపడి మరణించెను. ఆమె మరణమునకు ముందు, మేరీ ఒక యువవైద్యునితో తన ఇంటికి వచ్చెననియు, గర్భస్రావప్రయత్నమున మరణించెననియు చెప్పినట్లు ‘ట్రిబ్యూన్’ పత్రిక ప్రకటించెను. ఇది న్యాయస్థానమున రుజువైన మాట కాదు, ఇదియు పత్రికవార్తయే. కాని ఇది నిజమైనచో మూకయు లేదు, పొదలో హంతకుడును లేడు. జనవరిలో రావలసిన కథ మూడవభాగము ఫిబ్రవరికి పోయినది. ఈ వార్త చూచి పో దానిని సవరించెనని జాన్ వాల్ష్ 1968లో వెలువడిన తన గ్రంథమున వాదించెను.

1845 కూర్పున జరిగిన మార్పులను ఊహింపనక్కరలేదు; రెండు పాఠములు మన యెదుట నున్నవి. మార్పులు చిన్నవి. పొదలో ప్రియునిచే హత్య అని తేల్చుచోట, పూటకూటింటి పైకప్పు క్రింద జరిగిన ప్రాణాంతకమైన ప్రమాదమైనను కావచ్చునని ఒక వికల్పము చేరినది. మారీ స్వగతమున, వెడలిపోవుటకొరకు అను మాటకు ప్రక్కన, తనకు మాత్రమే తెలిసిన వేరు ప్రయోజనములకొరకైనను అను పదములు చేరినవి. అనగా ఆమెకిచ్చిన ఆ ఒక్క గొంతును సైతము పో తన సిద్ధాంతమును కాపాడుకొనుటకు సవరించుకొనెను. ఈ సవరణలు చేసినవాడు ఊరకుండక, అడుగుజ్ఞాపికలో, వేర్వేరు కాలములలో ఇద్దరు చేసిన అంగీకారములు తన ముఖ్యనిర్ణయమునేగాక ప్రధానమైన ఊహలనన్నిటిని ధ్రువపరచినవని వ్రాసెను. ఆ ఇద్దరిలో ఒకరు ఆ పూటకూటింటి స్త్రీ. ఆమె చెప్పినట్లు పత్రిక వ్రాసినది పో మొదట వ్రాసినదానికి విరుద్ధము! ధ్రువీకరణమునకు అనుగుణముగ సిద్ధాంతమును దిద్ది, దిద్దిన సిద్ధాంతమును ధ్రువీకరణమునకు ఉదాహరించుట ఇది. ‘లెత్వాల్’ పత్రిక ఇంతపని చేసియుండినచో డ్యూపిన్ ఏమనియుండును? 1848లో ఒక యువాభిమానికి వ్రాసిన జాబులోను పో నావికాధికారిని విడువలేదు, ఆతడే ఒప్పుకొన్నాడనెను, అందును హత్య యని, లేదా గర్భస్రావప్రయత్నమున మరణమని రెండు తలుపులు తెరచియే ఉంచెను. విలియం విమ్‌సాట్ 1941లో ఈ వృత్తాంతమును ఆనాటి పత్రికలతో సరిచూచి వ్రాసిన వ్యాసమునకు పిమ్మట, పో రహస్యమును ఛేదించెనను ప్రశంసకు ఆధారము మిగులలేదు.

కథాంతమున సంభావ్యతనుగూర్చి చేసిన ప్రసంగమున మరొక చిక్కు కలదు. పాచికలలో రెండుమారులు వరుసగ ఆర్లు పడినచో, మూడవమారు ఆర్లు పడవని ఎంత పందెమైనను కాయవచ్చునని పో గంభీరముగ చెప్పును; సామాన్యులు దీనిని నమ్మరని జాలిపడును. గణితమున సామాన్యులే సరి. పాచికకు జ్ఞాపకము లేదు. ఇతరుల తర్కదోషములను వరుసగ ఏరినవాడు వీడ్కోలు పలుకుచు తానే ఒకటి విడిచిపోయెను.

ఇంతమాత్రమున ఈ కథను త్రోసివేయరాదు. పో సిద్ధాంతము కూలినను డ్యూపిన్ ఖండనము కూలలేదు. శవము మేరీదే యనియు, మూకవాదమునకు ఆధారము చాలదనియు అతడు చూపినది నేటికిని నిలిచియున్నది. పత్రికలవారును, పోవును చిక్కిన బోను ఒకటియే: జవాబు లేని ప్రశ్నను జవాబు లేకుండగనే వదలిపెట్టు ధైర్యము లేకపోవుట. పత్రికలకు పాఠకులు పోవుదురను భయము. పోకు తన డ్యూపిన్ ఓడిపోవునను భయము. అతడు సంపాదకులకు జాబు వ్రాసి హంతకుని సూచించితినని చెప్పి ధర అడిగిననాడే ఆ బోనులో కాలుపెట్టెను.

ఈ కథను పాఠ్యముగ తీసికొను పరిశోధకవిద్యార్థులకు ఒక సూచన. టామస్ మాబట్ పరిష్కరించిన పో కథల సంపుటములు 1978లో వెలువడినవి. పాఠాంతరములు అందు దొరకును. పత్రికలలో వచ్చిన పాఠమును ఒక ప్రక్కను, 1845 పాఠమును ఒక ప్రక్కను వ్రాసికొని, మారిన చోట్లను మాత్రము గుర్తించి, ఒక్కొక్క మార్పునకు ఎదురుగ ఆనాటి వార్తను వ్రాయవలెను. పట్టిక చిన్నదే యగును. అందు మారీ స్వగతమున చేరిన ఆ కొలది పదములకు ఎదురుగ వ్రాయవలసిన వార్త, మేరీ చెప్పినది కాదు, మేరీని చూచినవారు ప్రమాణము చేసి చెప్పినది కాదు. చావుబ్రతుకులలోనున్న ఒక పూటకూటింటి స్త్రీ అన్నదని ఒక పత్రిక అచ్చువేసినది.